బస్తీ భాష, బడి భాష: అనువర్తిత భాషాశాస్త్రం నేర్చిన పాఠాలు

జంషెడ్‌పూర్ నగరంలో సువర్ణరేఖ నది చేరువన ఉన్న ఒక బస్తీ పేరు భుయ్యాడీహ్. పేరులోని ‘డీహ్’ అన్న మాట తూర్పు భారతంలో పాత ఊరి నివేశన స్థలాన్ని సూచిస్తుంది. గిరిడీహ్ అన్న జిల్లా పేరులోనూ ఇదే మాట వినిపిస్తుంది. మొదటి భాగం ఆ ప్రాంతంలో తరతరాలుగా ఉన్న భుయ్యా జనసముదాయాన్ని గుర్తుకు తెస్తుంది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం లేచి, 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన తరువాత ఆ పరిసరాల రూపురేఖలే మారిపోయాయి. 1919 జనవరి 2న వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటీ, అంటే నల్లమట్టి, అని పిలిచే రైల్వే స్టేషను టాటానగర్ అయింది. పట్టణం పేరూ స్టేషను పేరూ మారినా భుయ్యాడీహ్, భాలుబాసా, జుగసలాయీ వంటి పేర్లు జనం నోట అలాగే నిలిచాయి.

ఊరి పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ఊరివారి భాషను గురించి నిర్ణయం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఉత్తర్వు ఒక్కటే చాలదు. రాష్ట్రాల ఎల్లలు మారినప్పుడు, పరిశ్రమల కోసం జనం తరలివచ్చినప్పుడు, కొత్త ప్రభుత్వాలు ఏర్పడినప్పుడు ఏ భాషలో బడి నడపాలి, ఏ భాషలో నోటీసు అంటించాలి, ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవాలి అన్న ప్రశ్నలు అధికారుల ముందుకు వస్తాయి. ఈ ప్రశ్నలకు జవాబు వెదికే శాస్త్రం అనువర్తిత భాషాశాస్త్రం. తెలుగు నేలమీదా ఛోటానాగపూర్ ప్రాంతంలోనూ దాని చరిత్రను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మాట్లాడేవారి నోటి నుంచి మొదలైనప్పుడు ఈ శాస్త్రం సమాజానికి అక్కరకు వచ్చింది. జాబితాల నుంచి మొదలైనప్పుడు అది కాగితాలలోనే మిగిలిపోయింది.

సింగ్‌భూమ్ ప్రాంతపు పాలనా చరిత్ర ఈ ప్రశ్నల తీవ్రతను చక్కగా చూపుతుంది. 1912 వరకు అది బెంగాల్ ప్రెసిడెన్సీలో ఉంది. ఆ ఏడాది బీహార్-ఒరిస్సా అనే కొత్త ప్రాంతంలో చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయినప్పుడు సింగ్‌భూమ్ బీహారులో ఉండిపోయింది. పొరుగున ఉన్న సరాయికేలా, ఖర్సావాన్ సంస్థానాలు 1948లో మొదట ఒరిస్సాలో విలీనమై, కొద్ది నెలలకే బీహారుకు బదిలీ అయ్యాయి. 1956లో మాన్‌భూమ్ జిల్లాలోని పురూలియా ప్రాంతం పశ్చిమబెంగాల్‌కు వెళ్లింది. 1990లో తూర్పు సింగ్‌భూమ్ ప్రత్యేక జిల్లా అయింది. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రం అవతరించింది. ఒకే ఇంట్లో తాత బెంగాల్ ప్రజగా పుట్టి ఉండవచ్చు, తండ్రి బీహారు పౌరుడుగా పెరిగి ఉండవచ్చు, మనవడు ఝార్ఖండ్ పాఠ్యపుస్తకం చదువుతూ ఉండవచ్చు. ఇంటి భాష ఏమీ మారకపోయినా, పాలకుల దృష్టిలో దాని స్థానం ప్రతి మార్పుతోనూ మారింది.

ఇటువంటి ప్రాంతానికి చేరుకున్న భాషలలో తెలుగు ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గాలు కళింగాంధ్ర తీరాన్ని ఖరగ్‌పూర్‌తోనూ, ఖరగ్‌పూర్‌ను టాటానగర్‌తోనూ కలిపాయి. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల తెలుగువారు రైల్వే పనులకూ ఉక్కు పనులకూ ఆ దారినే వెళ్లారు. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచినవారిలో, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ప్రముఖులు. ఆయన స్వయంగా గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన తెలుగువారు. ఈ వలసతో పాటు జంషెడ్‌పూర్‌కు చేరింది పుస్తకాల తెలుగు కాదు, ఉత్తరాంధ్ర పల్లెల తెలుగు. ‘ఏమిటి’ని ‘ఏటి’ అనే తెలుగు, పిల్లవాణ్ణి ‘గుంటడు’ అని పిలిచే తెలుగు అది. అక్కడ దానికి సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ భాషలు ఇరుగుపొరుగులయ్యాయి. వీటన్నిటి నడుమ హిందీ వ్యవహారభాష అయింది. ఝార్ఖండ్‌లోని కురుఖ్, మాల్తో భాషలు ద్రావిడ కుటుంబానికే చెందినవి కనుక, చరిత్రదృష్టితో చూస్తే తెలుగుకు అక్కడ దూరపు చుట్టాలు కూడా ఉన్నారు.

అనువర్తిత భాషాశాస్త్రం అన్న పేరు ప్రపంచంలో ప్రచారంలోకి వచ్చింది రెండవ ప్రపంచయుద్ధానంతర కాలంలో. 1948లో అమెరికాలోని మిషిగన్‌లో ఆ పేరును తన శీర్షికలో చేర్చుకున్న పత్రిక వెలువడింది. 1957లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో దానికోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1964లో ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో అంతర్జాతీయ సంఘం అవతరించింది. నార్వే భాషా సమస్యను పరిశీలించిన ఐనార్ హౌగెన్ 1959లో ‘భాషా ప్రణాళిక’ అన్న భావనను చర్చకు తెచ్చాడు. మన దేశంలో 1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్రసంస్థ నెలకొంది. 1988లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ప్రారంభమైంది. అయితే పేరు పుట్టకముందే పని మొదలైన నేల మనది. ఆ పని తెలుగునాట ఒక అధికారి వేసిన ప్రశ్నతో ఆరంభం కావడం గమనార్హం.

1906 ప్రాంతంలో ఉత్తరకోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబూనాడు. పుస్తకంలో ఉన్న తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకు ఉన్నదని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పంతుల్ని ముందుకు తెచ్చింది. గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. తరగతిలో పిల్లలు పడే అవస్థ ఆయన నిత్యం చూసినదే. పిల్లవాడు తనకు వచ్చిన భాషలో ఆలోచించి, రాని భాషలో రాయవలసి రావడం విద్యకే ఆటంకమని ఆయన వాదించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఒక కమిటీ సభ్యుడి అభిప్రాయ ప్రకటన. చరిత్రలో అది తెలుగు భాషాప్రణాళికకు తొలి పత్రాలలో ఒకటిగా నిలిచింది. విశ్వవిద్యాలయాలు పరీక్షలలో వ్యావహారికాన్ని ఆమోదించడానికి ఆ తరువాత మరో అర్ధశతాబ్దానికి పైగా పట్టింది.

గిడుగు కృషిలో మరో భాగానికి తెలుగు పాఠకులు తగినంత ప్రాముఖ్యం ఇవ్వలేదు. పర్లాకిమిడి కొండలలోని సవరల భాషను ఆయన నేర్చారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పూనుకుని, తెలుగు లిపిలో వారికి వాచకాలు తయారుచేశారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథమూ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువూ వెలువడ్డాయి. సవర తెలుగుతో సంబంధం లేని ముండా కుటుంబపు భాష. జంషెడ్‌పూర్ పరిసరాలలో వినిపించే సంతాలీ, హో, ముండారీ భాషలకు అది బంధువు. ఈ విధంగా కళింగాంధ్రకూ సింగ్‌భూమ్‌కూ మధ్య రైలుమార్గం కన్నా పాతదైన భాషాబంధం ఒకటి ఉంది. తన మాతృభాషకు కోరిన న్యాయాన్నే కొండవాసుల మాతృభాషకూ కోరడం గిడుగు వాదానికి బలాన్ని ఇచ్చింది.

ఆ బలానికి ఒక పరిమితి కూడా ఉంది. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. జీవితమంతా భాషాసేవ చేసిన పండితుడు కూడా ఎల్లల మార్పు ముందు నిస్సహాయుడయ్యాడు. అదే 1936లో మంగేయి గమాంగో అనే సవర సంస్కర్త తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపిని రూపొందించాడు. తెలుగు లిపి, రోమన్ లిపి, ఒడియా లిపి వాడుకలో ఉండగా, తమ జాతికి తమదైన అక్షరం కావాలన్న ఆకాంక్ష అక్కడ వ్యక్తమైంది. అంతకు ముందే 1925లో మయూర్‌భంజ్ ప్రాంతానికి చెందిన పండిత రఘునాథ్ ముర్ము సంతాలీకి ‘ఓల్ చికి’ లిపిని సృష్టించాడు. ధ్వనిశాస్త్రం ప్రకారం ఏ లిపి సులువు అన్నది పండితుల ప్రశ్న. ఏ లిపిలో రాస్తే తమ గౌరవం నిలుస్తుంది అన్నది ప్రజల ప్రశ్న. రెండవ ప్రశ్నను వినని భాషాప్రణాళికకు ప్రజల ఆదరణ దొరకదు.

స్వాతంత్ర్యానంతరం భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డాక పరిస్థితి మరో విధంగా మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాయి. తెలుగు ఇప్పుడు పాలనాభాష కావాలి. 1966లో అధికారభాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమి, 1974లో అధికారభాషా సంఘం ఏర్పడ్డాయి. ఇంగ్లీషు పదాలకు తెలుగు పదాలు కావలసి వచ్చాయి. కొందరు సంస్కృత ధాతువుల నుంచి పదాలను నిర్మించారు. అవి కార్యాలయాల పదకోశాలలో చేరినా, చాలావాటిని గుమాస్తాలే వాడలేదు. మరో మార్గాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి చూపారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వెలువడింది. 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వచ్చాయి. పరిశోధకులు జిల్లాలు తిరిగి రైతులనూ నేతగాండ్రనూ అడిగి, వారి పనిముట్ల పేర్లూ పనుల పేర్లూ సేకరించారు. తెలుగుకు ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా నాలుగు ప్రధాన మాండలికాలు ఉన్నాయని నిరూపించిన సామగ్రి ఆ పొలాలలో, మగ్గాల దగ్గర దొరికినదే. శాస్త్రం చదువురాని మనిషిని కూడా భాషకు ప్రమాణంగా స్వీకరించింది.

ఆ పని జరుగుతున్న కాలంలోనే, పాఠ్యపుస్తకాలలోనూ పత్రికలలోనూ ఒకే ప్రాంతపు తెలుగు ప్రమాణంగా నిలబడిపోయింది. తమ మాటను తక్కువచేసి చూస్తున్నారన్న తెలంగాణ ప్రజల ఆవేదన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ భావాలలో భాగమైంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆ ఆవేదనకు వచ్చిన జవాబులలో ఒకటి. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. రెండు తేదీలకూ మూలమైన కోరిక ఒకటే: మాట్లాడే భాషకు మర్యాద దక్కాలన్నది. మాండలిక పదకోశాల సామగ్రిని పాఠ్యపుస్తక రచయితలు సకాలంలో విరివిగా వాడుకుని ఉంటే, ఆ ఆవేదన కొంతైనా ఉపశమించి ఉండేదనడం అతిశయోక్తి కాదు.

భాషాశాస్త్రం రాజకీయ మార్పును అనుసరించడమే కాక, దానికి దారి తీయగలదని ఛోటానాగపూర్ చరిత్ర చెబుతుంది. తమాడ్ ప్రాంతపు దివుడీ గ్రామంలో 1939లో పుట్టిన రామ్‌దయాళ్ ముండా, అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం అభ్యసించి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బోధించారు. 1980ల తొలినాళ్లలో రాంచీ విశ్వవిద్యాలయంలో వైస్‌ఛాన్సలరుగా ఉన్న కుమార్ సురేశ్ సింగ్ పిలుపుతో స్వదేశానికి తిరిగివచ్చారు. అక్కడ గిరిజన, ప్రాంతీయ భాషల విభాగాన్ని నిర్మించారు. ముండారీ, సంతాలీ, హో, ఖరియా, కురుఖ్ అనే ఐదు గిరిజన భాషలనూ, నాగపురీ, కుర్మాలీ, ఖోర్ఠా, పంచపరగనియా అనే నాలుగు ప్రాంతీయ భాషలనూ ఒకే కప్పు కింద చేర్చడం ఆ విభాగం విశేషం. గిరిజనులూ గిరిజనేతరులూ ఒకే సంస్కృతికి వారసులన్న భావనకు ఆ తొమ్మిది భాషల కూర్పు ఆధారమిచ్చింది. ఝార్ఖండ్ ఉద్యమానికి అది మేధాపరమైన బలమైంది. ఆ విభాగంలో చదివినవారు ఉద్యమంలోకి వెళ్లారు. 1980ల రెండవ భాగంలో ముండా స్వయంగా రాంచీ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరు అయ్యారు. 2010లో పద్మశ్రీ అందుకుని, 2011లో కన్నుమూశారు.

కొత్త రాష్ట్రం వచ్చాక భాషల గుర్తింపు వరుసగా జరిగింది. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. 2011లో ఝార్ఖండ్ ప్రభుత్వం ఉర్దూ, సంతాలీ, ముండారీ, హో, కురుఖ్, బెంగాలీ, ఒడియాలతో సహా 12 భాషలకు రెండవ అధికారభాష హోదా కల్పించింది. 2018లో మగహీ, భోజ్‌పురీ, మైథిలీ, అంగిక చేరాయి. ఆ తరువాత ఉద్యోగ పరీక్షలకు అంగీకరించే ప్రాంతీయ భాషల జాబితాపై వివాదం చెలరేగింది. 2022 ఫిబ్రవరిలో బొకారో, ధన్‌బాద్ జిల్లాల జాబితా నుంచి భోజ్‌పురీ, మగహీలను ప్రభుత్వం తొలగించవలసి వచ్చింది. స్థానికత, ఉద్యోగం, మాతృభాష అనే మూడూ ముడిపడినప్పుడు జాబితాలోని ప్రతి పేరూ ఒక రాజకీయ వాదం అవుతుంది. జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్న తెలుగు ఈ హోదాలు పొందిన భాషలలో లేదు. సంఖ్యాబలం కల భాషలు పోటీపడే చోట, చెదురుమదురుగా ఉన్న భాషకు నోరు తక్కువ.

అలాంటి భాషలకు రాజ్యాంగం పూర్తిగా తలుపు మూయలేదు. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం, తరగతిలో 10 మంది గాని, పాఠశాలలో 40 మంది గాని విద్యార్థులు కోరితే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని తీర్మానించింది. 1956లో 7వ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. వారి రక్షణల పరిశీలనకు 350-బి కింద ప్రత్యేకాధికారి ఏర్పాటయ్యారు. 2009 నాటి విద్యాహక్కు చట్టమూ, 2020 నాటి జాతీయ విద్యావిధానమూ సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన అన్న సూత్రాన్ని పునరుద్ఘాటించాయి. ఈ సూత్రాలు ఆచరణలోకి రావాలంటే ముందుగా తెలియవలసింది ఒకటుంది. ఫలానా బస్తీలో ఫలానా పిల్లవాడి ఇంటి భాష ఏమిటి?

ఈ చిన్న ప్రశ్నకు జనాభా లెక్కలు నేరుగా జవాబు చెప్పవు. 2011 లెక్కలలో ప్రజలు చెప్పుకున్న మాతృభాషా నామాలు 19,569. పరిశీలించి, వర్గీకరించి, 10,000 మందికి మించినవాటిని లెక్కించగా 270 మాతృభాషలు తేలాయి. వాటిని 121 భాషల కింద చేర్చారు. భోజ్‌పురీ, మగహీ, ఖోర్ఠా, నాగపురీ వంటివి హిందీ అనే శీర్షిక కింద కలిసిపోయాయి. దేశస్థాయిలో ఇటువంటి వర్గీకరణ అవసరమే కావచ్చు. కాని బడి నడిపేది దేశస్థాయిలో కాదు, వీధిలో. అంతేకాక ఒక మనిషికి ఒకే మాతృభాష అన్న ఊహ బస్తీ జీవితానికి సరిపోదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింటివారితో బెంగాలీ మాట్లాడే బాలికను ఒక గడిలో రాసినప్పుడు, ఆమెకు వచ్చిన మూడు భాషలలో రెండు లెక్కకు రాకుండాపోతాయి.

అయితే చేయవలసినదేమిటి? గిడుగు, కృష్ణమూర్తి, ముండా చూపిన మార్గాలే ఇక్కడా వర్తిస్తాయి. మొదట బస్తీ స్థాయిలో భాషాపరిశీలన జరగాలి. ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ భాష వాడుతున్నారన్నది నమోదు కావాలి. తెలుగు బోధన ఏర్పాటు చేసేచోట వాచకాలు ఆ పిల్లల ఉత్తరాంధ్ర పలుకుబడితో మొదలై, క్రమంగా ప్రమాణభాష వైపు నడవాలి. కోస్తా తెలుగులో రాసిన పుస్తకాన్ని యథాతథంగా అక్కడికి పంపితే, యేట్స్ కాలంలో కనిపించిన అంతరమే మళ్లీ కొత్త చోట తలెత్తుతుంది. హిందీ లిపిని ముందు నేర్చిన పిల్లలకు తెలుగు అక్షరాలను దానితో పోల్చి చూపవచ్చు. నూరేళ్లకు పైగా సాగిన ఉక్కుపనిలో డ్యూటీ, షిఫ్టు, క్వార్టరు వంటి మాటలు కార్మికుల తెలుగులో ఎలా కలిశాయో, ఏ పనికి ఏ పేరు స్థిరపడిందో సేకరిస్తే వృత్తి పదకోశాల పరంపరలో అది మరో సంపుటం కాగలదు. పాత తరం వెళ్లిపోయాక ఆ పదాలను చెప్పేవారు ఉండరు గనుక ఈ పనికి గడువు ఉంది.

ఈ యత్నం ఒక్క తెలుగుకే పరిమితమైతే దానికి నైతికబలం ఉండదు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కోయ, గోండీ, కొలామీ తదితర ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు బహుభాషా విద్యాపథకాన్ని ఆరంభించింది. గిడుగు ఒంటరిగా మొదలుపెట్టిన పనికి ఎన్నో దశాబ్దాల తరువాత ప్రభుత్వ యంత్రాంగం చేయూత లభించింది. తన రాష్ట్రంలో అల్పసంఖ్యాకుల భాషను ఆదరించిన సమాజానికే, పొరుగు రాష్ట్రంలో తన భాషకు ఆదరణ కోరే అర్హత ఉంటుంది. భుయ్యాడీహ్ వంటి చోట తెలుగు బాలికకు దొరకవలసిన వాచకమూ, సంతాలీ బాలుడికి దొరకవలసిన వాచకమూ ఒకే బల్లమీద ఉండవలసినవి.

యేట్స్ భాషాశాస్త్రవేత్త కాడు. ఆయన ఒక ఉద్యోగి. తనకు అర్థంకాని విషయాన్ని అర్థంకాలేదని ఒప్పుకుని, తెలిసినవారిని అడిగాడు. ఒక భాషాచరిత్ర మలుపు తిరగడానికి ఆ అడగడమే నాంది అయింది. బడి తనిఖీకి వెళ్లిన అధికారి హాజరుపట్టీ చూడడంతో ఆగక, ముందు వరుసలోని పిల్లను ‘దీన్ని మీ ఇంట్లో ఏమంటారమ్మా’ అని అడిగి, ఆమె చెప్పిన మాటను రాసుకున్న రోజున అనువర్తిత భాషాశాస్త్రం అక్కడ తన పని ప్రారంభించినట్లే.